ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) ఆపరేషన్ తర్వాత తొడ బలం రావాలంటే రోజూ నడిస్తే చాలదా?

చాలదు, తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్ కండరానికి విడిగా, మెల్లగా బరువు పెంచుతూ వ్యాయామం చేయాల్సిందే. ఎందుకంటే మోకాలికి దెబ్బ తగిలి వాపు ఉన్నప్పుడు అక్కడి నరాల సంకేతాలు మారిపోయి, వెన్నుపాము ఆ కండరానికి పంపే ఆదేశాలు తగ్గిపోతాయి. కండరం అక్కడే ఉంటుంది, బిగించమంటే మాత్రం పూర్తిగా బిగుసుకోదు. అందుకే మొదట ఐస్‌తో వాపు తగ్గించి, కాలు చాపి మోకాలి కింది తువ్వాలుని అదుముతూ తొడ బిగించమంటారు, అవసరమైతే ఫిజియోథెరపిస్టు ఆ కండరం బిగుసుకునేలా కొద్దిగా కరెంటు పెడతారు (భయపడతారు గానీ, చిమచిమలాడుతుంది అంతే). స్క్వాట్లు (గుంజీల్లాంటివి), లెగ్ ప్రెస్ (యంత్రం మీద కాళ్లతో బరువు తోయడం) ఆ తర్వాత.

బెజవాడలో ఒకతను రోజూ ప్రకాశం బ్యారేజీ మీద హాయిగా నడుస్తున్నాడనుకోండి. చదును నేల మీద రెండో కాలు, తుంటి కండరాలు లోటు కప్పేస్తాయి. అదే ఇంద్రకీలాద్రి మెట్లు దిగేటప్పుడు మోకాలు వదిలేసినట్టు అనిపిస్తుంది, అక్కడ బరువు ఆపాల్సింది తొడే కాబట్టి.

చాలామంది పొరపడేది ఇక్కడే: కుట్లు మానాయి, నొప్పి లేదు, ఇక కండ దానంతటదే వస్తుందనుకుంటారు. గుడ్లు, పాలు పెంచినా పని చెప్పకపోతే కండ పెరగదు. క్రికెట్ లాంటి ఆటలకైతే సాధారణంగా కనీసం 9 నెలలు ఆగి, ఆ తొడ బలం రెండో తొడలో 90 శాతానికైనా చేరిందో లేదో పరీక్షించాకే పంపిస్తారు.