వేళ్ల లెక్కను నమ్మకు అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి, నువ్వు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లో కీబోర్డులు, టచ్‌స్క్రీన్ల బగ్‌లు సరిచేసే పనికి దిగావని చెప్పాడు. ఎంత సంతోషమేసిందో అంత టెన్షనూ పట్టుకుంది. అందుకే పొద్దున్నే లేచి రాస్తున్నా.

చిన్నవి ముందు చెప్పేస్తా. నీ సొంత ల్యాప్‌టాప్ మీద ప్రయోగాలు వద్దు, కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే క్యూఎమ్‌యూలో చెయ్యి. పరికరం ఏం పంపుతోందో ఎవ్‌టెస్ట్ అనే టూల్‌తో కళ్లారా చూడు. మెమరీ తప్పులు పట్టిచ్చే కేసాన్ ఆన్ చేసి కెర్నెల్ బిల్డ్ చెయ్యి. పరికరం ఊడదీసినప్పుడు దానికోసం వెనక నడిచే టైమర్లూ వర్క్‌లూ ఆపాకే మెమరీ వదులు.

ఇక అసలు సంగతి. మొన్న పండక్కి నీ కోడ్ చూపిస్తూ "పరికరం అలా ఎప్పుడూ పంపదు బాబాయ్" అన్నావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. నేనూ అలాగే అనుకున్నా.

చాలా ఏళ్ల కిందట ఒక ఆసుపత్రిలో రోగులు టోకెన్ తీసుకునే టచ్‌స్క్రీన్ మెషీన్లకు డ్రైవర్, అంటే ఆ తెరను నడిపే ప్రోగ్రామ్, రాశాను. తెర పంపే డేటా ప్యాకెట్ మొదటి బైట్‌లో ఎన్ని వేళ్లు తాకాయో ఉంటుంది, ఆ తర్వాత ఒక్కో వేలికి ఆరు బైట్లు. మనిషికి పది వేళ్లేగా అని పదింటికే చోటు పెట్టాను. కేబుల్ వదులైనప్పుడు ఆ బైట్‌లో బిట్లన్నీ ఒకట్లయిపోయి 255 వచ్చేది. డ్రైవర్ అది నమ్మి, పది పట్టే చోట 255 వేళ్ల డేటా కుక్కి పక్క మెమరీనంతా తొక్కేసేది. సిస్టమ్ కూలిపోయేది మాత్రం ఎక్కడో సంబంధం లేని ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో. మూడు వారాలు ర్యామ్ మారుస్తూ కూర్చున్నాం!

చివరికి దొరికింది. పది దాటితే ప్యాకెట్ వదిలెయ్యమని ఒక్క లైను పెట్టి, ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉన్న మా బోర్డు మీద చూసి, అయిపోయిందని చెప్పేశాను. పెద్ద తప్పు అదే. ఆ లెక్కను చార్ అనే ఒక బైట్ రకం వేరియబుల్‌లో పెట్టాను. ఆర్మ్‌లో మామూలుగా చార్‌కి మైనస్ ఉండదు, మామూలు పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లలో ఉంటుంది. తర్వాత ఆసుపత్రి వాళ్లు ఎక్స్86 పెట్టెలకు మారితే అదే 255 మైనస్ ఒకటైంది. మైనస్ ఒకటి పది కంటే చిన్నదే కాబట్టి నా చెక్ దాటేసింది, ఆ మైనస్ సైజు, డేటాను కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్ చేతిలో కొండంత సంఖ్యయింది. నేను వెళ్లేసరికి ఒక పెద్దాయన, సూది గుచ్చిన చోట దూది ప్లాస్టర్‌తో అంటించి ఉన్న చేత్తో, ఆగిపోయిన తెరను నొక్కుతూనే ఉన్నాడు. తనకే నొక్కడం రావట్లేదనుకుని నన్ను చూసి సిగ్గుపడ్డాడు తల్లీ. ఆ ముఖం నాకింకా గుర్తే.

6.2 వెర్షన్ నుంచి లైనక్స్ కెర్నెల్ అన్ని చోట్లా చార్‌ను మైనస్ లేనిదిగానే కంపైల్ చేస్తోంది. అయినా నువ్వు, మైనస్ లేదని పేరులోనే చెప్పే యూ8 రకం అనే రాయి. 2013లో హెచ్‌ఐడీలో, అంటే కీబోర్డులు, మౌస్‌లలాంటి పరికరాలను చూసుకునే కెర్నెల్ భాగంలో, బయటపడ్డ భద్రతా లోపం సీవీఈ-2013-2888 గురించి చదువు, అక్కడా ఇంతే, పరికరం ఇచ్చిన రిపోర్ట్ ఐడీ అనే నంబరును సరిచూడకుండా అర్రే ఇండెక్స్‌గా, అంటే మెమరీ పట్టికలో ఎన్నో గడి అని చెప్పే సంఖ్యగా, వాడేశారు.

నువ్వు నాకంటే జాగ్రత్తపరురాలివే, తెలుసు. చిన్నప్పుడు నా రేడియో విప్పి ఒక్క స్క్రూ కూడా పోకుండా బిగించిన పిల్లవి. అయినా మొదటి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపేముందు నాకోసారి చూపించు, అర్ధరాత్రైనా పర్వాలేదు. కెర్నెల్‌లోని యూహెచ్‌ఐడీ అనే సదుపాయంతో ఉత్తుత్తి పరికరం తయారుచేసి సున్నా, 10, 11, 255 పంపి చూశావా అని అడుగుతా. వేళకి తిను.

మీ బాబాయ్