ఆ రిపోర్టు కింద సంతకం ఎవరిది?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్ చదువుతోంది. నిరుడు మా అన్నయ్యకు మెడలో గడ్డ వస్తే ముక్క పరీక్ష చేశారు. రిపోర్టులో 'పి40 పాజిటివ్, పి16 నెగటివ్' అని రాసి ఉంది. అప్పటినుంచి ఈ ప్రోటీన్ మార్కర్ల పనే చేస్తానని పట్టుబట్టింది. మా వాళ్లేమో అమీర్‌పేటలో ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించమంటున్నారు. ఈ దారిలో ఉద్యోగాలు ఉంటాయా? ఏం చదివించాలి?

జవాబు: మీ అన్నయ్యగారు బాగున్నారని అనుకుంటున్నాను. ఆ రిపోర్టులో ఉన్నదేమిటో తెలిస్తే మీ అమ్మాయి పట్టుదల మీకూ అర్థమవుతుంది. నోరు, గొంతు లోపలి పొరలో స్క్వామస్ కణాలు ఉంటాయి. మెడ గడ్డలోని క్యాన్సర్ ఆ జాతిదని చెప్పడానికి పి40 అనే ప్రోటీన్ పనికొస్తుంది. ఇక అది ఎక్కడ మొదలైందన్నది ప్రశ్న. పి16 అనే ప్రోటీన్ పాజిటివ్ వస్తే అది హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) పని కావచ్చని, టాన్సిల్‌నో, నాలుక మొదలునో ముందు అనుమానిస్తారు. హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్లు ఎక్కువగా అక్కడే పుడతాయి, చికిత్సకూ బాగా లొంగుతాయి. 2017లో వచ్చిన స్టేజింగ్ (వ్యాధి ఏ దశలో ఉందో తేల్చే) నిబంధనల్లో వాటికి విడిగా లెక్క పెట్టారు. మన దగ్గర గుట్కా, ఖైనీ, వక్కల వల్ల వచ్చే నోటి క్యాన్సర్లే ఎక్కువ. వాటిలో పి16కి అంత ప్రాధాన్యం లేదు.

అసలు విషయం ఇప్పుడే చెప్పేస్తాను. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టేది ఎండీ పాథాలజీ చేసిన డాక్టరు. బీఎస్సీ, ఎమ్మెస్సీ, చివరికి పీహెచ్‌డీ చేసినా ఆ సంతకం చేసే హక్కు రాదు. ఎమ్మెస్సీ అయ్యాక ఈ సంగతి తెలిసి నా ముందు కూర్చుని ఏడ్చిన పిల్లలున్నారు. ముందే చెప్పేవాళ్లు లేకపోవడమే వాళ్ల బాధ.

మరి అమ్మాయి ఏ కుర్చీలో కూర్చోవాలనుకుంటోంది? సంతకం పెట్టే కుర్చీయే కావాలంటే నీట్ రాయాలి. ఇప్పుడు గరిష్ఠ వయోపరిమితి లేదు, ఇంటర్‌లో బైపీసీ చదివి ఉండాలి. కానీ ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్ల ఎండీ అంటే పదేళ్ల మాట. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

రెండోది ల్యాబ్ టెక్నీషియన్ పని. దీన్ని చిన్నచూపు చూస్తారు కానీ, రిపోర్టు నిలబడేది ఈ చేతుల మీదే. మైనంలో బిగించిన ముక్కను మూడు, నాలుగు మైక్రాన్ల మందాన కోస్తారు. గోరువెచ్చని నీళ్ల మీద ఆ మైనపు రిబ్బన్ తేలుతుంటే, ముడత పడకుండా స్లైడ్ మీదికి ఎత్తాలి. తర్వాత ఆ ప్రోటీన్‌కే అతుక్కునే యాంటీబాడీ వేసి రంగు పుట్టిస్తే (దీన్నే ఐహెచ్‌సీ అంటారు), ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు, మిగతా చోట నీలం. గొంతు క్యాన్సర్‌లో పి16 పాజిటివ్ అనాలంటే కనీసం 70 శాతం కణాల్లో కేంద్రకమూ, చుట్టూ ఉన్న పదార్థమూ గట్టిగా గోధుమ రంగెక్కాలి. ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో అది సరిగ్గా నానకపోతే ఆ రంగు నమ్మలేం. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులైన డీఎంఎల్‌టీ (డిప్లొమా) గానీ బీఎస్సీ ఎంఎల్‌టీ గానీ చేసి, ఐహెచ్‌సీ విభాగంలో చేయి తిరిగినవాళ్లకు నగరంలో పని దొరుకుతుంది. మొదట్లో జీతం తక్కువే, దాచను.

మూడోది పరిశోధన. లాలాజలంలో, రక్తంలో క్యాన్సర్ జాడ చెప్పే ప్రోటీన్ల మీద పేపర్లు బోలెడు వస్తున్నాయి. రోజువారీ వైద్యంలోకి వచ్చేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పి16, ఇమ్యునోథెరపీ పనిచేస్తుందో లేదో అంచనా వేయడానికి చూసే పీడీ-ఎల్1 అలాంటివి. ఏళ్లు గడిచినా ఫలితం రాకపోతే డీలా పడే మనిషికి ఈ దారి వద్దు. ఓపిక ఉందంటే, ఉస్మానియాలో ఎమ్మెస్సీకి సీపీగెట్, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ-పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయించండి. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలతో మొదలవుతుంది. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి కాబట్టి పీహెచ్‌డీ కోసం ఊరు దాటాల్సిన పని లేకపోవచ్చు.

నన్నడిగితే మీ అమ్మాయికి మూడోదే నప్పేలా ఉంది. రిపోర్టు చూసి 'ఎందుకిలా?' అని అడిగే పిల్ల అది. అయినా నా మాట మీద ఫీజు కట్టకండి. మీ అన్నయ్యగారికి వైద్యం చేసిన ఆసుపత్రిలోనే హిస్టోపాథాలజీ (ముక్క పరీక్షలు చేసే) ల్యాబ్ ఇన్‌ఛార్జిని కలిసి, రెండు వారాలు చూసి నేర్చుకోనివ్వమని అడగండి. కాలేజీ ప్రిన్సిపాల్ లెటర్ పట్టుకెళితే పని తేలికవుతుంది. సీపీగెట్ నోటిఫికేషన్ రాకముందే ఆ రెండు వారాలు అయిపోయేలా చూడండి. ఆ తర్వాత అమ్మాయినే నాకు రాయమనండి, ఆ నీళ్ల మీద రిబ్బన్ ఎన్నిసార్లు చిరిగిందో కూడా రాయమనండి.