ముందు మట్టి పరీక్ష, తర్వాతే ఎరువు

చెల్లీ, సెలవులకని హైదరాబాద్ వచ్చాను, నీ ప్రశ్న ఇక్కడ వనస్థలిపురంలో అమ్మావాళ్లింట్లో చదివాను. న్యూజెర్సీలో కొత్తగా కొన్న ఇంట్లో లాన్ పసుపెక్కుతోంది, ఏ ఎరువు వేయాలని అడిగావు. ప్రస్తుతానికి ఏదీ వేయకు. ముందు మట్టి పరీక్ష చేయించు.

మేం ఇల్లు కొన్నప్పుడు ఇది చెప్పే మనిషే లేడు. లాన్ సర్వీసు అతను వచ్చి చూసి, ఎరువు చాలట్లేదన్నాడు. సీజన్ మొత్తానికి డబ్బు కట్టాం. ఒకపక్క ఇంటి లోను, ఇంకోపక్క నాన్న మందులకు ఇండియా పంపడం. ప్రతి బిల్లూ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులవి. అంత పోసినా గడ్డి నాలుగు రోజులు పచ్చబడేది, మళ్లీ మామూలే, పైగా నాచు. చివరికి రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబుకు మట్టి పంపితే పీహెచ్ (నేల ఆమ్లత్వం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.2 అని తేలింది. గడ్డికి 6 నుంచి 7 మధ్య ఉండాలి. అంత ఆమ్ల నేలలో భాస్వరం ఉన్నా వేళ్లకు సరిగ్గా అందదు. మా నేలకు కావలసింది సున్నం! రిపోర్టులో రాసిన మోతాదు చలికాలం రాకముందే చల్లాం. అది నేలకు పట్టడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఇప్పుడు మా లాన్ చూసి ఏం వేస్తారని వీధిలోవాళ్లు అడుగుతారు.

మట్టి తీయడం మన రైతులు చేసేదే. ప్లాస్టిక్ బకెట్ తీసుకో, జింకు పూత ఉన్నది వద్దు, లెక్క తప్పుతుంది. లాన్‌లో పది పన్నెండు చోట్ల మూడు నాలుగు అంగుళాల లోతు నుంచి మట్టి తీసి, గడ్డీ రాళ్లూ ఏరేసి, బాగా కలిపి, పేపరు మీద నీడలో ఆరబెట్టు. గోంగూర, వంకాయ వేసే మడిలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతుకు వెళ్లాలి. ఆ మట్టిని దీంతో కలపకుండా వేరే సంచిలో పంపు. ఫీజు పెద్ద ఎరువు బస్తా ఖరీదంత కూడా ఉండదు. మూడేళ్లకోసారి చేయిస్తే చాలు.

న్యూజెర్సీలో పరీక్షలో కొరత తేలితే తప్ప పాత లాన్‌కు భాస్వరం వేయకూడదు. నవంబర్ 15 నుంచి మార్చి 1 దాకా లాన్ ఎరువులే నిషిద్ధం. మిగతా రూల్స్ కౌంటీ ఎక్స్‌టెన్షన్ (తోటలకూ పంటలకూ సలహాలిచ్చే స్థానిక ఆఫీసు) వాళ్ల దగ్గర చూసుకో.

మిగిలే డబ్బు మీ అమ్మావాళ్ల టికెట్లకు దాచు. సెలవుల్లో హైదరాబాద్ నుంచి ఛార్జీలు ఎలా ఉంటాయో నీకూ తెలుసుగా.