కత్తెరకీ రిమోట్‌కీ మధ్య

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివా. హాలీవుడ్ సినిమాల్లో బూతులు కోసేసి అమ్మిన క్లీన్‌ఫ్లిక్స్ అనే అమెరికా కంపెనీ కేసు పట్టుకోవడం బావుంది, కానీ మొదటి పేరాలోనే తీర్పు చెప్పేశావు. పిల్లలతో కూర్చుని సినిమా చూడాలనుకునే మంచి కుటుంబాలు ఓ పక్క, డబ్బు పిచ్చి హాలీవుడ్ ఇంకో పక్క. ఇక చదివేవాడికి పనేముంది చెప్పు?

1998 దగ్గర మొదలెట్టు. అమెరికాలో యూటా రాష్ట్రంలో అమెరికన్ ఫోర్క్ అనే ఊళ్ళో ఒక వీడియో షాపు, నువ్వు కొనుక్కున్న టైటానిక్ టేపు తీసుకెళ్తే 5 డాలర్లకి బట్టల్లేని సీను కోసిచ్చేవాళ్ళు. టేపు నీది, డబ్బు నీది, మరి తప్పెక్కడ? ఇలా అడిగి వదిలెయ్, జవాబు వెంటనే చెప్పకు.

తర్వాత క్లీన్‌ఫ్లిక్స్ వాళ్ళు దాన్నే పెద్ద వ్యాపారం చేశారు, సినిమాని కంప్యూటర్లోకి ఎక్కించి బూతులు, రక్తం తీసేసి కొత్త డిస్కులోకి రాసి అమ్మడం, అద్దెకివ్వడం. ఒక్కో కాపీకి ఒక ఒరిజినల్ కొంటున్నాం కదా, స్టూడియోకి నష్టమేంటి అని వాళ్ళ వాదన. నువ్వు దీన్ని ఒక్క లైన్లో తేల్చేశావు, అసలు రుచి ఇక్కడే ఉంది. ఇంకో తమాషా, 2002లో ముందు కోర్టుకెక్కింది దర్శకులు కాదు, ఈ ఎడిటింగ్ వాళ్ళే! మేం చేసేది చట్టబద్ధమని చెప్పమంటూ 16 మంది దర్శకుల మీద కొలరాడోలో కేసు వేశారు. అమెరికాలో సినిమా కాపీరైట్ సాధారణంగా స్టూడియోలదే కాబట్టి వాళ్ళూ దిగారు. 2006 జులైలో జడ్జి రిచర్డ్ మాట్ష్ (ఒక్లహోమా సిటీ బాంబు కేసు విచారించింది కూడా ఈయనే) అది చెల్లదన్నాడు. నువ్వెన్ని ఒరిజినల్స్ కొన్నా, ఇంకో రూపంలో కాపీ తీసి అమ్మాలా వద్దా అన్నది హక్కుదారు ఇష్టం అని.

కానీ దానికి ఏడాది ముందే, 2005 ఏప్రిల్‌లో, ఫ్యామిలీ మూవీ యాక్ట్ అనే అమెరికా చట్టం వచ్చింది చూడు, దాన్ని నువ్వు ముట్టుకోనే లేదు! క్లియర్‌ప్లే అనే కంపెనీ డిస్కుని కొయ్యదు, ప్లే అయ్యేటప్పుడు ఆ చోట దాటేస్తుంది, మాట వినబడకుండా చేస్తుంది. ఇంట్లో పాటలో ఏదో వస్తుంటే నాన్న ఠక్కున రిమోట్ అందుకుని ముందుకు తోస్తాడే, ఆ పని మెషీన్ చేస్తుంది అంతే. ఎడిట్ చేసిన కాపీ అంటూ మిగలకూడదు, ఇంట్లో చూసుకోడానికే అయ్యుండాలి, అప్పుడు తప్పు కాదంది చట్టం. అంటే గొడవ బూతు గురించి కాదురా, కాపీ గురించి. తర్వాత విడ్‌ఏంజెల్ అనే ఇంకో కంపెనీ ఇదే చట్టం చూపించి, కాపీ తియ్యకుండా డిస్కులకి వేసిన తాళం పగలగొట్టి ఇంటర్నెట్లో స్ట్రీమింగ్ పెట్టింది, 2019లో జ్యూరీ 819 సినిమాలకి 6 కోట్ల 24 లక్షల డాలర్లు స్టూడియోలకి కట్టమంది. అది వేరే వ్యాసం, రెండు లైన్లు చాలు.

దర్శకుల బాధ నీకు పట్టలేదని నాకనిపించింది. నాకు బాగానే పడుతుంది, ఎందుకంటే చాలా ఏళ్ళ కింద ఒక పత్రిక నా కథ వేస్తూ అత్త తిట్టే తిట్లన్నీ అడక్కుండా లేపేసింది, చదివినోళ్ళు అత్త ఎంత మంచిదండీ అన్నారు! మన కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది, హక్కులు అమ్మేసుకున్నా సరే, పేరుకి భంగం కలిగేలా రచనని మారిస్తే రచయిత అడ్డుకోవచ్చు. నాకప్పుడు తెలీదు, తెలిసినా ఆ పత్రికతో పెట్టుకునేంత ధైర్యం ఉండేది కాదులే.

అలాగని ఆ తల్లిదండ్రుల్ని వెక్కిరించకు. విమానాల్లో, టీవీలో వేసే శుభ్రమైన వెర్షన్లు స్టూడియోలే చేయించుకుంటాయి, మరి మా ఇంటికెందుకు అమ్మరు అని వాళ్ళడిగితే నా దగ్గరా సరైన జవాబు లేదు. ఆ ప్రశ్న నీ వ్యాసంలో ఉండాలి, వీలైతే మధ్యలో ఎక్కడో, వాళ్ళ గొంతులోనే. తిరగరాసి ఆదివారం లోపు పంపు, ఈసారి ఫాంట్ కాస్త పెద్దది పెట్టు.