బత్తాయికి చిల్లి పెట్టే పురుగు, తిప్పతీగ మీద పెరుగుతుంది

ప్రశ్న: మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. కోతకొచ్చే కాయ రోజూ రాలిపోతోంది. రాలిన కాయకు సన్నటి చిల్లి, దాని చుట్టూ కుళ్లు కనిపిస్తున్నాయి. మూడుసార్లు మందు కొట్టినా ఆగలేదు. గట్టు మీది వేపచెట్టుకు అల్లుకున్న తిప్పతీగే కారణమంటున్నారు. మా అమ్మ ఆ తీగతో కషాయం కాచుకుంటుంది. కొట్టేయాల్సిందేనా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: వాళ్లు చెప్పింది సగం నిజం. తిప్పతీగ బత్తాయికి చేసే చెరుపేమీ లేదు. దాని ఆకు తిని పెరిగే గొంగళి పురుగుతోనే చిక్కు.

ముందు, కొత్తగా చిల్లిపడిన కాయను వేళ్లతో నొక్కండి. రసం బయటికి చిమ్మితే అది పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు పనే. కోసినప్పుడు లోపల తెల్లటి పురుగులు కదిలితే మాత్రం పండు ఈగ, దాని నివారణ వేరు.

ఈ రెక్కల పురుగు దాదాపు అరచేయంత ఉంటుంది. ముడుచుకుని కూర్చుంటే ఎండుటాకే అనుకుంటాం. వెనక రెక్కలు మాత్రం నారింజ రంగు, వాటి మీద నల్ల మచ్చలు. పొద్దుగూకాక వచ్చి, గట్టి తొండాన్ని తొక్కలోంచి గుచ్చి రసం తాగుతుంది. ఆ రంధ్రంలోంచే పెనిసిలియం (పచ్చ బూజు), జియోట్రైకం (పుల్లటి వాసన వేసే కుళ్లు) లాంటి శిలీంధ్రాలు లోపలికి దిగుతాయి. ఇవి గాయం కోసం కాచుకుని ఉండే రకం. తొండం నేరుగా లోపలికే పోతుంది కాబట్టి తొక్క మీద పడిన మందు పురుగును పెద్దగా తాకదు. దయచేసి ఇక పిచికారీ చేయకండి, కోసే కాయలో ఆ విషం మిగిలిపోతుంది.

ఆ గొంగళి ఈ రెక్కల పురుగు పిల్లదశే. దానికి బత్తాయి ఆకు పనికిరాదు. తిప్పతీగ, దూసరతీగ లాంటివే దాని తిండి. ఆకులు తిరగేసి చూడండి. ముదురు రంగు ఒళ్లు, పక్కన కంటిగుడ్డు లాంటి మచ్చలు ఉంటే అదే.

దూసరతీగను కంచె మీద కనపడిన చోటల్లా వేర్లతో పీకేయండి. తిప్పతీగను తోట గట్టు మీంచి తీసేయండి, కానీ ఒక ముక్క కోసి అమ్మ కోసం ఇంటి దగ్గర నాటండి, తేలిగ్గా బతుకుతుంది. అక్కడైతే గొంగళ్లను రోజూ చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయొచ్చు. కషాయానికి వాడే తీగ మీద ఏ మందూ పడకూడదు.

రెక్కల పురుగు దూరం నుంచి కూడా ఎగిరొస్తుంది కాబట్టి తీగ తీసేస్తేనే సరిపోదు. దానికి విషపు ఎర పెట్టండి: 2 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల బెల్లం, 20 మి.లీ. మలాథియాన్ 50 ఇ.సి. (పురుగుమందు), కాస్త పండ్ల రసం కలిపి, వెడల్పు మూతి డబ్బాల్లో పోసి, 10 చెట్లకు ఒకటి చొప్పున వేలాడదీయండి. పిల్లలకు, పశువులకు అందకుండా చూడండి. రాలిన కాయల వాసనకు ఇంకా పురుగులొస్తాయి, రోజూ ఏరి లోతుగా పాతిపెట్టండి. సాయంత్రం పూట పొగ పెట్టడమూ మేలే. పక్క తోటల వాళ్లు కూడా అదే వారంలో తీగలు తీసేలా మాట్లాడుకోండి.