తలుపు తట్టింది పోలీసులైతే

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. గత నెలలో ఒకరోజు తెల్లవారుజామున ముగ్గురు వచ్చి, పోలీసులమని చెప్పి మా మరిది గురించి అడిగారు. యూనిఫాంలో ఉన్నది ఒక్కరే. మరిది ఊళ్లో లేడని చెబుతుండగానే లోపలికి వచ్చి, బీరువా తెరిపించి, లాప్‌టాప్, ఒక పాత సెల్‌ఫోను తీసుకుని, మా అత్తగారి చేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లారు. మావారు నైట్ డ్యూటీలో ఉన్నారు. నేనేం చేసి ఉండాల్సింది? ఇప్పుడేం చేయాలి?

జవాబు: వారెంటు లేకపోతే తలుపు తీయవద్దని చాలామంది సలహా ఇస్తారు గానీ, దాన్ని నమ్ముకుంటే ఇబ్బంది పడేది మీరే. అరెస్టు, సోదా, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టం, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 185వ సెక్షన్ ప్రకారం, ఆలస్యమైతే వస్తువు దక్కదని నమ్మడానికి తగిన కారణాలున్నప్పుడు దర్యాప్తు అధికారి వారెంటు లేకుండానే సోదా చేయవచ్చు. అయితే ఆ కారణాలను ముందుగా రాతలో పెట్టి, వాటి నకలును 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు పంపవలసిన బాధ్యత కూడా ఆయనదే. ఇక అరెస్టు చేయవలసిన మనిషి లోపలున్నాడని నమ్మి, తామెవరో ఎందుకొచ్చారో చెప్పి అడిగినా దారి ఇవ్వకపోతే, 44వ సెక్షన్ కింద తలుపు పగలగొట్టే అధికారం కూడా వారికుంది.

కాబట్టి గ్రిల్ తీయకముందే, మర్యాదగా, గుర్తింపు కార్డు చూపమని, ఏ స్టేషన్, క్రైమ్ నంబరు ఎంత అని అడిగి రాసుకోవాలి. మఫ్టీలో ఉన్నవారిపై అనుమానం వస్తే అక్కడే నిలబడి 112కు ఫోన్ చేయవచ్చు. నిజమైన పోలీసులు అందుకు అభ్యంతరం చెప్పరు. సోదా చేస్తామంటే, "నేను ఒప్పుకోవడం లేదు, మీకున్న అధికారంతో చేస్తే అడ్డుపడను" అని పక్కింటివారు వినేలా చెప్పండి. చేయి అడ్డం పెట్టవద్దు.

అసలు జాగ్రత్త అవసరమయ్యేది లోపలికి వచ్చాకే. 103వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతంలోని ఇద్దరు పెద్దమనుషులను, అంటే మన స్టేషన్ల భాషలో మధ్యవర్తులను, పిలవాలి. ఏ వస్తువు ఎక్కడ దొరికిందో జాబితా రాసి వారి సంతకాలు తీసుకోవాలి. ఇంటివారిని దగ్గర ఉండనివ్వాలి. జాబితా నకలు వారికివ్వాలి. ఇప్పుడు 105వ సెక్షన్ కింద సోదా అంతా వీడియో తీయడం కూడా తప్పనిసరి. ఆడవారి ఒంటిపై సోదా చేయవలసి వస్తే మహిళ చేతనే చేయించాలి. లాప్‌టాప్ తీసుకుంటే దాని కంపెనీ, సీరియల్ నంబరు జాబితాలో పడ్డాయో లేదో చూసుకోండి. "నల్ల లాప్‌టాప్ ఒకటి" అని రాస్తే రేపు కోర్టులో ఏదైనా మీదే అయిపోతుంది.

తెల్లకాగితం మీద సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టకూడదు. ఇప్పటికే పెట్టారు కనుక, ఆ రోజు జరిగినదంతా, వచ్చినవారి ఆనవాళ్లతో సహా, మీ అత్తగారి పేరుతోనే రాసి పోలీస్ కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సోదా కారణాల నకలు కావాలని మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేస్తే ఉచితంగానే ఇవ్వాలి. అక్కడ ఏ కాగితమూ లేదని తేలితే అదే మీకు బలమైన ఆధారం. వకీలు ఖర్చు గురించి వెనకాడకండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న మా నాన్నగారికి 67 ఏళ్లు. ఒక గొడవకు సాక్షిగా రోజూ స్టేషన్‌కు రమ్మంటున్నారు. వెళ్లాలా?

జవాబు: అక్కర్లేదు. 60 ఏళ్లు దాటిన సాక్షిని ఆయన నివాసంలోనే విచారించాలని 179వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి కాగితం మీద రాసి, స్టేషన్‌లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.