ఛార్జ్ దగ్గర కాస్త ఆగు

అమ్మలూ,

ఇంగ్లీషు మాటలకు నానార్థాలు, పర్యాయపదాలు ఇస్తూ పిల్లల కోసం చిన్న నిఘంటువు రాయడానికి ఒప్పుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. ఆరు నెలల్లో ఇచ్చేస్తానని మాటిచ్చావట. ఆ గడువు ఎలా ఒప్పుకున్నావే? ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువును పదేళ్లలో ముగిద్దామని 1879లో ఒప్పందం రాసుకున్నారు. 1884లో మొదటి భాగం అచ్చయ్యే సరికి 'యాంట్' అనే మాట దాకా వచ్చారు. మొత్తం పూర్తయింది 1928లో. సంపాదకుడు జేమ్స్ మరే 1915లోనే పోయాడు, పూర్తయిన పుస్తకం చూడనే లేదు. మన కాలంలో కొత్త కూర్పు కోసం పీటర్ గిల్లివర్ 'రన్' అనే ఒక్క క్రియ ముందు తొమ్మిది నెలలు కూర్చుని 645 అర్థాలు తేల్చాడు. నీది పిల్లల పుస్తకమే, అంత లోతు అక్కర్లేదు. అయినా పుస్తకం రాయమన్నవాళ్లను ఇంకో ఆరు నెలలు అడుగు. అడగడం తప్పు కాదు.

కార్డులు రాసుకో. రెండు మూడు మంచి నిఘంటువులు పక్కన పెట్టుకో. ఏ రోజు రాసింది ఆ రోజే ఇంకోచోట కూడా దాచుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఒక మాటకు ఎన్ని అర్థాలన్నది ఒక పని, ఒక అర్థానికి ఎన్ని మాటలన్నది ఇంకో పని. అమరకోశంలో పర్యాయపదాలు విషయాల వారీగా వర్గాలు కట్టి ఉంటాయి. నానార్థాలకు మూడో కాండలో విడిగా ఒక వర్గమే ఉంది. నువ్వు రెండూ ఒకే పేజీలో పెడతానంటున్నావట. పెట్టు. కానీ ముందు అర్థాలు విడదీసి, ఏ అర్థం కింద దాని పర్యాయపదాలు ఆ అర్థం కిందే రాయి. అన్నీ కలిపి ఒకే వరుసలో పోశావంటే, పిల్లలు ఫీజు అనాల్సిన చోట నేరారోపణ అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

ఇక 'ఛార్జ్' సంగతి. నా భయమంతా ఈ మాట దగ్గరే ఉంది. మనం రోజూ వాడే మాట కాబట్టి సులువనిపిస్తుంది. ఫోన్‌కు ఛార్జింగ్ పెడతాం, బస్సు ఛార్జీలు పెరిగాయంటాం, పోలీసులు ఛార్జిషీటు వేశారంటాం, లాఠీఛార్జి అంటాం, కొత్త అధికారి ఛార్జ్ తీసుకున్నాడంటాం. లాటిన్‌లో బండికి 'కారస్' అని పేరు. దాని నుంచి బండికి బరువెత్తడం అనే మాట, అక్కడి నుంచి ఫ్రెంచి మీదుగా ఈ 'ఛార్జ్' వచ్చాయి. 'కార్గో' కూడా ఆ వంశానిదే. ఈ అర్థాల్లో చాలావాటి అడుగున ఉన్నది ఒకటే, బరువు పెట్టడం. జేబు మీద పెడితే రుసుము, భుజాల మీద పెడితే బాధ్యత, తల మీద పెడితే నేరం. తెలుగులో మనకు 'మోపడం' ఉంది చూడు. భారం మోపుతాం, పన్ను మోపుతాం, నేరం మోపుతాం. గడ్డిమోపులో మోపూ బరువే. ఈ ముక్క పేజీ మొదట్లో రెండు వాక్యాల్లో చెప్పు. పిల్లలు బట్టీ పట్టక్కర్లేకుండా గుర్తుపెట్టుకుంటారు.

నేను అనువాదాల ఆఫీసులో చేరిన కొత్తలో మాకొక సీనియర్ ఉండేవారు. పని నేర్పింది ఆయనే, ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే. ఏళ్ల తరబడి కోర్టు కాగితాలు తెలుగు చేసిన మనిషి. ఒకసారి ఒక సంఘం వాళ్ల వార్షిక నివేదిక వచ్చింది. అందులో ఒక ఉద్యోగిని గురించి, సంక్షేమ నిధి సంరక్షణతో ఆమె 'వాజ్ ఛార్జ్‌డ్ విత్' అని ఉంది. ఆమె మీద నమ్మకంతో నిధి అప్పగించారని అర్థం. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ 'సంక్షేమ నిధి విషయంలో ఆమెపై అభియోగం మోపారు' అని రాసేసింది. ఎవరికీ అనుమానం రాలేదు. అచ్చయింది, సభ్యులందరికీ చేరింది.

కొన్నాళ్లకు ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. ఆ పేజీ నాలుగు మడతలు పెట్టి, సరిగ్గా ఆ వాక్యం పైకి కనిపించేలా పట్టుకుని ఉంది. మడత దగ్గర కాగితం మెత్తబడిపోయింది, ఎంతమందికి విప్పి చూపించిందో. అరవలేదు. "నేనేం తిన్నానని రాశారండీ?" అని ఒక్క మాట అడిగింది. ఆయన ఇంగ్లీషు ప్రతి తీసి చూసి, లేచి నిలబడిపోయారు. సవరణ వేశారు. తర్వాతి సంచికలో, చివరి పేజీలో, ఎవరూ చదవని చోట. మొదటిది చదివిన వాళ్లందరూ రెండోది చదివారని ఎవరు చెప్పగలరు?

ఆయనకు ఆ అర్థం తెలియక కాదమ్మా. నిఘంటువులో 'అప్పగించు' అనేది ఉంది, కాకపోతే కింద ఎక్కడో ఉంది. ఆయన చూసే కాగితాల్లో ఎప్పుడూ పై అర్థమే సరిపోయేది. అందుకే చెబుతున్నాను, నీ పుస్తకంలో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే పెట్టు, ఉదాహరణ వాక్యాలతో సహా. 'విత్' తర్వాత దొంగతనమో హత్యో వస్తే నేరం, కాపలానో లెక్కలు చూడటమో వస్తే బాధ్యత. రెండిటికీ సరిపడే మాట వస్తే? కరపత్రాల పంపిణీ అని ఉందనుకో. అది అతనికి అప్పజెప్పిన పనీ కావచ్చు, నిషేధం ఉన్న చోట నేరమూ కావచ్చు. అలాంటప్పుడు ముందు వెనక వాక్యాలు చదవకుండా కలం కదలకూడదు.

చిన్న మాటలు కూడా కొంప ముంచుతాయి. 'ఇన్ ఛార్జ్ ఆఫ్' అంటే చూసుకునే మనిషి. మధ్యలో 'ద' చేరి 'ఇన్ ద ఛార్జ్ ఆఫ్' అయితే ఆ మనిషే ఇంకొకరి సంరక్షణలో ఉన్నట్టు. నర్సు ఎవరో, పాప ఎవరో ఆ 'ద' తేల్చేస్తుంది. పిల్లలకు దీన్ని ఒక బొమ్మతో చూపిస్తే బాగుంటుంది.

డబ్బు అర్థం కింద పర్యాయపదాలు ఇచ్చేటప్పుడు తేడా కూడా చెప్పు. ప్రయాణానికి 'ఫేర్', వంతెనకో రోడ్డుకో 'టోల్', డాక్టరుకో లాయరుకో 'ఫీ', వస్తువుకు 'ప్రైస్'. 'ఛార్జ్' ఎక్కువగా సేవకు అడిగే సొమ్ము. మనం తెలుగులో బస్సు ఛార్జీ అంటాం గనక పిల్లలు ఇంగ్లీషులోనూ అలాగే రాసేస్తారు.

నేరం అర్థం కింద ఇంకా జాగ్రత్త. ఆరోపణ ఎవరైనా చెయ్యొచ్చు. అభియోగం అంటే కేసులో అధికారికంగా మోపినది. నేరం రుజువు కావడం మూడో మెట్టు. ఈ మూడిటినీ ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చన్నట్టు వరుసగా రాయొద్దు, నీ కాళ్లు పట్టుకుంటాను. 'డిశ్చార్జ్'ను దీని తోకగా వెయ్యకు, దానికి విడిగా పేజీ ఇవ్వు. ఆసుపత్రి నుంచి పంపడం, పుండు నుంచి చీము కారడం, బ్యాటరీ దిగిపోవడం, విధి నెరవేర్చడం అన్నీ అందులోనే ఉన్నాయి. మన కోర్టుల్లో అయితే అభియోగాలు నమోదు కాకముందే కేసు నుంచి తప్పించడం డిశ్చార్జ్, విచారణ అంతా అయ్యాక నిర్దోషి అనడం వేరు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని నిఘంటువు పేజీలు తిప్పుతూ, చదవడం రాకపోయినా వేలు పెట్టి "ఇదేంటత్తా, ఇదేంటత్తా" అని ప్రాణం తీసేదానివి. నువ్వు కాక ఇంకెవరు రాస్తారు ఈ పుస్తకం? రాత్రి పదకొండు దాటితే మాత్రం కంప్యూటర్ కట్టెయ్. నిద్రమత్తులో రాసిన అర్థం పొద్దున్నే మళ్లీ చూసుకోవాల్సిందే.

'ఛార్జ్', 'డిశ్చార్జ్' పేజీలు ముందు రాసి నాకు పంపు. ఎర్ర పెన్ను పట్టుకునే చూస్తాను, మొహమాటపడను. గడువు గురించి వాళ్లు ఏమన్నారో అదీ రాయి.

నీ అత్తయ్య